మాట చెప్పలేని బిడ్డ కడుపునొప్పి

కడుపు నొచ్చిన బిడ్డ తల్లితో చెప్పుకొనును. చెప్పలేని బిడ్డ యేమి చేయును? ఆటిజము గల పిల్లలలో కొందఱు తల గోడకు కొట్టుకొందురు. కొందఱు బల్ల యంచునకు కడుపానించి యొత్తుకొందురు. కొందఱు రాత్రులు నిదురింపరు. ఇంటివారు దానిని మొండితన మనుకొందురు. కావున సోదరీమణులకు ఈ విషయమును విన్నవించుచున్నాము.

ఇట్టి పిల్లలకు మలబద్ధము, విరేచనములు, కడుపునొప్పి తక్కిన పిల్లలకంటె నెక్కువగా కలుగుచున్నవి. 1943లో అమెరికాలో లియో క్యానరు అను వైద్యుడు 11 మంది పిల్లల నుదాహరించి ఈ స్థితిని వర్ణించినపుడే, వారిలో పెక్కుమందికి శైశవమున ఆహారపు చిక్కులుండెనని వ్రాసెను.

అట్లయిన ప్రేగుల దోషమే ఆటిజమునకు మూలమా? 1998లో లండనులో వేక్‌ఫీల్డు అను వైద్యుడు 12 మంది పిల్లలను గూర్చి వ్రాయుచు, ప్రేగువ్యాధికిని, ఆటిజమునకును, తట్టు మొదలగువాని టీకాకును సంబంధము గలదేమో యను శంకను లేవదీసెను. ఆ వ్యాసమును ప్రకటించిన 'లాన్సెట్' పత్రికయే 2010లో దానిని రద్దుచేసెను. టీకా ఆటిజమునకు కారణము కాదని పెక్కు పరిశోధనలు తేల్చినవి.

2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు, ఆటిజము గలవారిని, లేనివారిని కలిపి 247 మంది పిల్లల మలమును పరీక్షించిరి. ఆటిజము గల పిల్లలు రుచికి, వాసనకు, మెత్తదనమునకు బెదరి కొలది పదార్థములనే తిందురు. తిండిలో వైవిధ్యము తగ్గగా ప్రేగులలోని సూక్ష్మజీవుల వైవిధ్యమును తగ్గునని వారి యభిప్రాయము. కావున కోడలి వంటను, తల్లి పెంపకమును నిందించుట న్యాయము కాదు.

పాలు, గోధుమలు మానిపించిన ఆటిజము పోవునని కొందఱు చెప్పుదురు. దానికి గట్టి నిదర్శనము లేదు. పెరుగన్నము తప్ప వేఱొకటి ముట్టని బిడ్డకు ఆ పెరుగును మానిపించినచో, ఎముకలకు బలమేది?

మల మెన్నడు వచ్చినది, గట్టిగానున్నదా, పలుచగానున్నదా, ఆనాడు బిడ్డ యెట్లు ప్రవర్తించినది వ్రాసి యుంచి వైద్యునకు చూపుడు. మలబద్ధము ముదిరినపుడు పలుచని మలము జాఱి, విరేచనమను భ్రమ కలిగించును. స్వంత వైద్యము కూడదు. క్రొత్త పదార్థమును అలవాటైన దాని ప్రక్కన రవంత పెట్టుడు, బలవంతపెట్టకుడు.

కడుపు కుదుటపడిన మాత్రమున ఆటిజము పోదు. కాని నొప్పి తీఱిన బిడ్డ హాయిగా నిద్రించును. ఆ హాయి ఆ బిడ్డకు న్యాయముగా రావలసినదే.