నెట్ న్యూట్రాలిటీ: పల్లెకూ పట్నానికీ ఒకే నిబంధన

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలంలోనైనా, హైదరాబాద్ నగరంలోనైనా ఇంటర్నెట్ నిబంధనలు ఒక్కటే. చూసే వెబ్‌సైట్‌ను బట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయరాదని భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 2016 ఫిబ్రవరి 8న ఉత్తర్వులు జారీచేసింది. ఉల్లంఘించిన సంస్థకు రోజుకు రూ.50 వేల చొప్పున, గరిష్ఠంగా రూ.50 లక్షల జరిమానా విధించవచ్చు. ఎంపిక చేసిన వెబ్‌సైట్లనే ఉచితంగా అందించిన ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ భారత్‌లో ఆ నెలలోనే నిలిచిపోయింది.

2018లో కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు షరతులను సవరించి, సమాచారాన్ని అడ్డగించడం, వేగం తగ్గించడం వంటి వివక్షను నిషేధించింది. అయితే డేటా పరిమాణాన్ని బట్టి ప్లాన్ల ధరలు మారడం వివక్ష కాదు.

వినియోగదారులు తొలుత తమ సర్వీసు కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి ఫిర్యాదు చేయాలి. పరిష్కారం లభించనిచో అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు.