అయస్కాంతమునుండి విద్యుత్తు ఎట్లు పుట్టును?

ఉర్దూ మాధ్యమమువారు మక్నాతీస్ అనినను, తెలుగు మాధ్యమమువారు అయస్కాంతమనినను, పరీక్షలో ఉభయులును వ్రాయు వాక్యమొక్కటే: విద్యుత్తువలన అయస్కాంతత్వము, అయస్కాంతత్వమువలన విద్యుత్తు పుట్టును. ఈ వాక్యమున మొదటి సగము నిజమే. రెండవ సగములో ఒక మాట లోపించినది. ఆ మాట లేనిదే మన ఇండ్లకు కరెంటు వచ్చు విధము బోధపడదు గనుక దానిని గూర్చియే ఇచట వివరింపదలచితిమి.

1820లో కోపెన్‌హాగన్ నగరమున ఆచార్య ఆయిర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి ముల్లు (ఉర్దూ మిత్రుల ఖుతుబ్‌నుమా) పక్కకు తిరుగుట గమనించెను. ప్రవాహమున్నంతసేపు ముల్లు అట్లే తిరిగి నిలిచియుండును. ఆ తీగనే మెత్తని ఇనుప కడ్డీపై చుట్టినచో విద్యుదయస్కాంతమగును. విద్యుత్ గంట మ్రోగుట దీనివలననే.

అట్లయిన, తీగచుట్టలో అయస్కాంతమునుంచి ఊరకున్నచో విద్యుత్తు ఎడతెగక రావలెను గదా! ఆనాటి శాస్త్రజ్ఞులు పలువురు అట్లే ఆశించిరి. 1825లో జెనీవాలో కొలాడన్ అను యువ శాస్త్రజ్ఞుడు చుట్టచెంతకు బలమైన అయస్కాంతమును తెచ్చి చూచెను. అయస్కాంతము గాల్వనోమీటరు ముల్లును నేరుగా ఆకర్షించునేమోనని, పొడవైన తీగలతో ఆ పరికరమును వేరొక గదిలోనుంచెను. ఇచట అయస్కాంతమును జరిపి, అచటికి నడచిపోయి చూచును; ముల్లు సున్నయొద్దనే యుండును. అతడు నడచునంతలో అది కదలి, మరల యథాస్థానము చేరియుండును! ఆ గదిలో సహాయకుడొకడున్నచో కథ వేరుగా నుండెడిది. అతని జాగ్రత్తయే అతనికి అడ్డమైనదని తలచినపుడు మాకు జాలి కలుగును.

1831లో లండనులో మైకేల్ ఫారడే ఆ లోపించిన మాటను పట్టుకొనెను. ఆ మాట 'మార్పు'. చుట్టగుండా పోవు అయస్కాంత బలరేఖల సంఖ్య మారుచున్నంతసేపు మాత్రమే అందు విద్యుత్తు పుట్టును. అయస్కాంతమును లోనికి త్రోయునపుడు ముల్లు ఒకవైపునకు, వెలికి లాగునపుడు రెండవవైపునకు తిరుగును. నిలిపినచో సున్నకు చేరును. అయస్కాంతమును నిలిపి చుట్టను జరిపినను ఫలితమదియే. రెండింటిని ఒకేవైపునకు ఒకే వేగముతో జరిపినచో మాత్రము ముల్లు కదలదు. ఇది మన ప్రయోగశాలలో ఐదు నిమిషముల పని.

ఇట్లు పుట్టిన విద్యుత్తు తన్ను పుట్టించిన మార్పునే ఎదిరించునని 1834లో లెంజ్ తెలిపెను. కావుననే డైనమోను త్రిప్పుటకు శ్రమ పడవలెను. నాగార్జునసాగరమున ఆ శ్రమను కృష్ణా జలము పడుచున్నది.

వీధిలోని ట్రాన్స్‌ఫార్మరును చూడుడు. అందలి రెండు చుట్టలకు నడుమ తీగ సంబంధము లేదు. ఇనుప దిమ్మయే రెండింటిని కలుపును. మన దేశమున విద్యుత్ ప్రవాహము సెకనునకు 50 ఆవర్తనములు చేయుచు నిరంతరము మారుచుండుటచే రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టుచున్నది. మొదటి చుట్టకు బ్యాటరీని కలిపినచో, స్విచ్చి వేసిన క్షణమున, తీసిన క్షణమున తప్ప, రెండవ చుట్టలో ఏమియు పుట్టదు.