గంట మోగింది, మాట రాలేదు

పిల్లలూ, రాజమహేంద్రవరంలో గోదావరి మీద 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీలో చాలామంది చూసే ఉంటారు. పైన బస్సులు, కింద రైళ్ళు. వంతెన ఒకటే గాని, దారులు రెండు. పైన బస్సు నడిచినంత మాత్రాన కింద రైలు నడుస్తున్నదని చెప్పలేము గదా! ఈ సంగతి గుర్తుంచుకొని, మా ఇంట జరిగింది వినండి.

మా అక్కయ్య దానవాయిపేటలో ఉంటుంది. ఆమె కొడుకు అమెరికానుంచి వచ్చినప్పుడు, ఇంటర్నెట్టు ద్వారా పనిచేసే టెలిఫోను ఒకటి బల్లమీద పెట్టించి వెళ్ళాడు. మొన్న సంక్రాంతినాడు అక్కణ్ణించి మనుమడు పిలిచాడు. గంట మోగింది. అక్కయ్య రిసీవరు తీసి, "ఏరా నాన్నా, బాగున్నావా?" అన్నది. జవాబు లేదు. ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదు. "పుట్టినరోజుకు మాట్లాడలేదని వాడికి నామీద కోపం వచ్చింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

నేను వెళ్ళేసరికి ఆరో తరగతి చదివే పక్కింటి పాప అక్కడ ఉన్నది. "తాతగారూ, ఫోను పాడైంది. కొత్తది కొనాలి" అన్నది.

"తొందరపడకు. పరీక్ష చేద్దాం. ఒక్కొక్క పరీక్షతో ఒక్కొక్క సంగతే తేల్చాలి" అన్నాను.

మొదటి పరీక్ష: ఎవరి మాట ఎవరికి వినబడటం లేదు? నా సెల్‌ఫోనునుంచి మనుమడికి కబురు పంపాం. "మామ్మ మాటలన్నీ వినబడ్డాయి. నేను ఎంత అరిచినా ఆమెకే వినబడలేదు" అని రాశాడు. అంటే మన మైకు మంచిదే, ఇక్కణ్ణించి మాట వెళ్ళే దారీ మంచిదే.

రెండవ పరీక్ష: ఇక్కడ వినే భాగం బాగున్నదా? పాప రిసీవరు చెవిన పెట్టుకొని, "డయల్ టోను వినబడుతున్నది" అన్నది. ఇటువంటి ఫోనులో ఆ శబ్దాన్ని సాధారణంగా ఫోనే పుట్టిస్తుంది. కనక వినే భాగమూ మంచిదే.

"అవతలివాళ్ళ మైకు పాడైతేనో?" అని పాప తనంతట తానే అడిగింది. మంచి ప్రశ్న! మనుమణ్ణి అడిగాం. అదే ఫోనులో ఇప్పుడే స్నేహితుడితో మాట్లాడానన్నాడు. ఇక మిగిలింది అక్కణ్ణించి ఇక్కడికి మాట వచ్చే దారి ఒక్కటే.

ఇంటర్నెట్టు ఫోనులో గంట మోగించే కబురు వేరు, మాట వేరు. ముందు "మీ మాటను ఫలానా చిరునామాకు పంపండి" అని ఫోనులు కబుర్లు చెప్పుకుంటాయి. అందుకు వాడే పద్ధతుల్లో ఒకటి 1999లో ఏర్పడిన సిప్. తరవాత మాటను చిన్న చిన్న ముక్కలు చేసి, సాధారణంగా సెకండుకు 50 చొప్పున, వరస సంఖ్యలు వేసి వేరే పంపుతాయి.

చిక్కు చిరునామాలో ఉన్నది. ఇంటర్నెట్టులో పాత రకం చిరునామాలు సుమారు 429 కోట్లే. అవి చాలవు. అందుచేత ఇంట్లోని యంత్రాలన్నిటికీ కలిపి రౌటరు బయటికి ఒకే చిరునామా చూపుతుంది. లోపల మాత్రం వాటికి 192.168.1.5 వంటి సొంత అంకెలు ఇస్తుంది.

హాస్టలులోని కుర్రవాడు ఇంటికి ఉత్తరం రాస్తూ, "జవాబు 5వ గదికి పంపండి" అన్నాడనుకోండి. కవరుమీద హాస్టలు చిరునామాను గుమాస్తా వేశాడు గాని, లోపలి ఉత్తరం విప్పి చూడలేదు. ఉత్తరం ఇల్లు చేరింది. తండ్రి దానిలో ఉన్నట్టే "5వ గది" అని రాసి జవాబు పంపితే, పోస్టుమాన్ ఎక్కడ ఇస్తాడు? ఊరూరా 5వ గదులే! అక్కయ్య ఫోనుకూ అదే జరిగింది.

దీనికి ఉపాయం, "బయటికి నా చిరునామా ఏమని కనబడుతున్నది?" అని ఫోను బయటి కంప్యూటరు నొకదాన్ని అడగటం. దీన్ని స్టన్ అంటారు. మా మేనల్లుడు సెల్‌ఫోనులో చెప్పగా, పాప బల్లఫోనులో ఆ ఏర్పాటు చేసింది.

సెల్‌ఫోనులోని ఆప్‌లు ఈ పని చాలావరకు తామే చేసుకుంటాయి. వాటిలో మాట రాకపోతే, మైకు వాడుకోవటానికి అనుమతి ఉన్నదా, మ్యూటు నొక్కి ఉన్నదా, బ్లూటూతు మాటను వేరే పెట్టెకు పంపుతున్నదా అని ముందు చూడండి.

మళ్ళీ గంట మోగింది. "మామ్మా, నాకు కోపమేమిటి? నేను పిలుస్తూనే ఉన్నాను!" అన్న మాట మా అందరికీ వినబడింది.

పలకనివాడు అలిగాడని అనుకోబోయే ముందు, మాట చేరిందో లేదో విచారించటం మంచిది.