ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్

పీహెచ్‌డీ పూర్తయింది, విదేశంలో పోస్ట్‌డాక్ కూడా అయింది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉద్యోగంలో చేరితే చేతికి దక్కేది తరచూ ఓ ఖాళీ గది. రసాయనాలు కొనాలి, పరికరం తెప్పించాలి, పనిలోకి ఓ పరిశోధక విద్యార్థిని తీసుకోవాలి. పేరున్న సీనియర్లతో పోటీపడి నిధులు తెచ్చుకోవడం కొత్తవారికి కష్టం. ఈ దశలో ఆదుకోవడానికే ‘ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్’ (పీఎంఈసీఆర్‌జీ) వచ్చింది.

దీన్ని ఇచ్చేది అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్). 2023లో చేసిన చట్టంతో ఈ సంస్థ ఏర్పడింది; ఆ చట్టం 2024 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చింది. అంతకుముందు నిధులిచ్చిన సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు (సెర్బ్) ఇందులో కలిసిపోయింది. ప్రధానమంత్రి దీని పాలక మండలికి అధ్యక్షుడు.

శాశ్వత ఉద్యోగంలో ఉన్న, 42 ఏళ్లలోపు వారు ఈ గ్రాంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కొన్ని వర్గాలకు వయసులో సడలింపు ఉంది. మూడేళ్లకు గరిష్ఠంగా రూ.60 లక్షలు మంజూరు చేస్తారు. సెర్బ్ హయాంలోని స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ రెండేళ్లకు రూ.30 లక్షలే. కరెంటు, కార్యాలయ నిర్వహణ వంటి ఖర్చుల కింద సంస్థకు విడిగా ఓవర్‌హెడ్స్ అందుతాయి.

సొమ్ము పరిశోధకుడి సొంత ఖాతాలో పడదు, సంస్థ ద్వారానే ఖర్చవుతుంది. లెక్కలు చూపి వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. అందుకే మంచి ఆలోచన ఒక్కటే చాలదు. కొటేషన్లు, కొనుగోళ్ల ఫైళ్లు త్వరగా కదిలించే కార్యాలయం కూడా ఉంటేనే మూడేళ్ల గడువు సరిపోతుంది.