చెట్టుపై బుడిపెలన్నియు తెగుళ్ళేనా?

నెల్లూరు జిల్లా సముద్రతీరపు ఇసుక నేలలలో సరుగుడు తోటలు విరివిగా గలవు. దీనినే సర్వి, చౌకు అనియు అందురు. వంటచెరకునకు, గుంజలకు, కాగితపు గుజ్జునకే గాక, అందము కొరకు ఉద్యానములలోను దీనిని నాటుదురు. నారుమడి నుండి సరుగుడు మొక్కను పెకలించినపుడు వేళ్ళప్రక్కన పగడపు కొమ్మలవలె గుత్తులుగా బుడిపెలు కనబడవచ్చును. ఇది తెగులని యెంచి మొక్కలను పారవేసినచో నష్టమే మిగులును.

ఆ బుడిపెలలో ఫ్రాంకియా అను బాక్టీరియా నివసించును. ఇది గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికివచ్చు రూపమునకు మార్చును. సారములేని ఇసుకలో సరుగుడు ఏపుగా పెరుగుటకు ఇది ఒక ముఖ్యకారణము. కానుగ ఆకులపై లేచు మొటిమలకు బాక్టీరియాతో నిమిత్తమే లేదు. వాటికి కారణము కంటికానని ఒక జాతి నల్లి.

మరి నిజమైన తెగులు ఎట్లుండును? గులాబీ మున్నగు అలంకార వృక్షజాతులలో నేలమట్టమున గాని, అంటుకట్టిన చోట గాని గరుకైన కంతి పెరుగును. దీనిని క్రౌన్ గాల్ అందురు. దీనికి ఆగ్రోబాక్టీరియం కారణమని అమెరికాలో స్మిత్, టౌన్సెండ్ అను శాస్త్రజ్ఞులు 1907లో నిరూపించిరి. వారు పరీక్షించినది ఒక పూలమొక్కపై లేచిన కంతినే.

కంతిలో ఒక సూక్ష్మజీవి కనబడినంత మాత్రమున అదియే దోషి యని చెప్పరాదు. జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాఖ్ పేరిట ప్రసిద్ధమైన నియమముల ననుసరించి దానిని నిరూపింపవలెను. మొదట లేత కంతి పైభాగమును శుభ్రపరచి, లోపలి కణజాలమును నూరి, అగార్ పోషకముపై పూయుదురు. అందు పెరిగిన బాక్టీరియాను వేరుచేసి, ఆరోగ్యముగానున్న టమాటా మొక్క కాండముపై చిన్న గాయము చేసి అంటింతురు. కొన్ని వారములలో అచ్చట కంతి లేచి, దానినుండి మరల ఆ బాక్టీరియాయే లభించినచో నేరము రుజువైనట్లే. గాయమునకు వట్టి నీరు పూసిన మరియొక మొక్కను పోలికకై ఉంచుదురు.

లేత కంతియే ఏల? ఈ బాక్టీరియా తన జన్యువులలో కొంతభాగమును మొక్క కణములలో చొప్పించునని 1977లో తేలినది. అటుపిమ్మట బాక్టీరియా నశించినను కణములు పెరుగుచునే యుండును. కావున ముదురు కంతిలో దోషి దొరకకపోవచ్చును. నేడు జన్యుపరీక్షలవలన గుర్తింపు త్వరితమైనది.

ఈ బాక్టీరియా గాయములద్వారా ప్రవేశించును గనుక, కొమ్మలు కత్తిరించు కత్తులను శుద్ధిచేయుట, కంతిగల మొక్కలను నాటకుండుట ముఖ్యము. సరుగుడు వేళ్ళ బుడిపెలను మాత్రము పదిలముగా కాపాడవలెను.