కౌలు కేసు పోతే అన్నీ పోయినట్టేనా?

తొలగింపు కేసులో తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చింది. కోర్టు అమీనా వచ్చి పొలాన్ని యజమానికి దఖలు పరిచాడు. 'ఇక మనకేముందిలే' అని చాలామంది కౌలు రైతులు కాగితాలన్నీ అటక మీద పడేస్తారు. తొందరపడకండి. పొలం ఎవరి స్వాధీనంలో ఉండాలన్నది ఆ కేసు తేల్చింది. మీరిచ్చిన అడ్వాన్సు, చేలో నిలిచిన పైరు, బోరు మీద మోటారు... వీటి లెక్క వేరు. అయితే ఒక్కోదానికి ఒక్కో దారి, ఒక్కో గడువు ఉన్నాయి. గడువు దాటితే న్యాయంగా రావలసింది కూడా రాదు.

ముందు తీర్పు చదివించండి

తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి. నకలు తయారవడానికి పట్టిన రోజులను అప్పీలు గడువులో లెక్కించరు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1956 కౌలుదారీ చట్టం కింద వేసిన కేసులను జూనియర్ సివిల్ జడ్జి స్పెషల్ ఆఫీసర్ హోదాలో విచారిస్తారు. అప్పీలు జిల్లా జడ్జికి చేసుకోవాలి. తెలంగాణ జిల్లాలకు 1950 చట్టం వేరే ఉంది.

అడ్వాన్సు గురించి, పైరు గురించి తీర్పులో ఏమైనా ఉందేమో చూడండి. ఒకసారి తేలిన సంగతిపై మళ్లీ దావా వేయడానికి వీల్లేదు. ఆ కేసులోనే చెప్పుకోవలసిన వాదనను వదిలేసినా తేలిపోయినట్టే లెక్క. అందుకే కేసు ఇంకా నడుస్తున్నవారు అడ్వాన్సు, పొలం బాగుచేతకు పెట్టిన ఖర్చు తమ జవాబులోనే రాయించుకోవాలి.

అడ్వాన్సు సొమ్ము

తిరిగి రావలసిన సొమ్ముకు సాధారణంగా 3 ఏళ్లలోపు దావా వేయాలి. ఏ రోజు నుంచి లెక్క అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది కనుక ఆఖరి నెల దాకా ఆగవద్దు. ముందుగా రసీదు దొరికే పోస్టులో యజమానికి నోటీసు పంపండి. మక్తా బకాయి మినహాయించుకున్నానని ఆయన అంటే, లెక్క కాగితం మీద చూపించమనండి.

పైరు, మోటారు

కౌలుకు ఇంత కాలమని ఖాయం లేనప్పుడు, మీ తప్పు లేకుండా కౌలు రద్దయితే, అప్పటికి మీరు వేసిన పైరు మీదే. కోసుకుపోవడానికి దారి కూడా ఇవ్వాలి. ఇది ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ సూత్రం. మక్తా ఎగ్గొట్టినందుకు కౌలు పోయినవారికి ఇది వర్తించదు. మోటారు, పైపులు, షెడ్డు వంటివి పొలం మీ చేతిలో ఉండగానే విప్పుకోవాలి, నేలను మునుపటిలా సాపు చేసి వదలాలి.

ఒక మెలిక ఉంది. ఆ చట్టంలోని కౌలు అధ్యాయం సాగు భూములకు నేరుగా వర్తించదు. అయినా కోర్టులు ఆ సూత్రాలను పరిగణనలోకి తీసుకుంటాయి. కనుక దఖలు అయిపోయాక కొడవలి పట్టుకుని చేలోకి దిగవద్దు, మీ మీదే దొంగతనం కేసు పెట్టవచ్చు. అమీనా వచ్చినప్పుడే ఏ పైరు ఎన్ని ఎకరాల్లో ఉందో, ఏ సామాను మిగిలిందో పంచనామాలో రాయించండి. ఫోటోలు తీయించండి.

తీర్పు లేకుండా గెంటేస్తే

కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా పొలంలోంచి వెళ్లగొడితే 6 నెలల్లోపు స్వాధీనం కోసం దావా వేయవచ్చు (స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 6వ సెక్షన్). ఇందులో భూమి ఎవరిదన్న ప్రశ్నే రాదు. పెద్దమనుషుల పంచాయతీలతో ఆ 6 నెలలూ గడిచిపోనివ్వకండి.

పై కోర్టులో గెలిస్తే

దఖలు అయిన తర్వాత అప్పీలులో సివిల్ కోర్టు డిక్రీ రద్దయితే కొత్త దావా అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కింద మొదట డిక్రీ ఇచ్చిన కోర్టులోనే దరఖాస్తు చేయాలి. పొలంతోపాటు ఆ మధ్య కాలపు రాబడి కూడా అడగవచ్చు.

కాగితమే సాక్షి

మక్తా రసీదులు, ఎరువుల బిల్లులు దాచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చిన సాగుదారు హక్కు కార్డు భూమిపై హక్కు ఇవ్వదు గానీ, ఆ ఏడు సాగు చేసింది మీరేనని చూపడానికి పనికొస్తుంది.

ప్లీడరు ఫీజుకు జంకేవారు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. చిన్న మొత్తాలైతే లోక్ అదాలత్‌లో రాజీ మేలు. కానీ అక్కడి అవార్డుపై అప్పీలు లేదు. అంకె సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.