నియమాలపై చట్టసభల పర్యవేక్షణ: బస్తర్ అనుభవం

చట్టాలు ఎవరు చేస్తారని అడిగితే పార్లమెంటు, శాసనసభ అని వెంటనే జవాబు చెబుతాం. ఆ జవాబు తప్పు కాదు, కాని పూర్తి జవాబు కూడా కాదు. గ్రామసభ ఎలా సమావేశం కావాలి? అటవీ హక్కు పత్రం కోసం ఏ సాక్ష్యం చూపాలి? ప్రత్యేక పోలీసు అధికారిగా చేరేవారికి ఎంత చదువు ఉండాలి? ఇలాంటి విషయాలను చాలావరకు చట్టం చెప్పదు. చట్టం కింద ప్రభుత్వ శాఖలు తయారుచేసే నియమాలు చెబుతాయి. ఈ నియమాలపై సభలో బిల్లు పెట్టరు, ఓటింగు జరపరు. మరి వాటి మంచిచెడ్డలు చూసేదెవరు? ఈ పాఠంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఉదాహరణలను బస్తర్ నుంచి తీసుకుందాం. తెలుగువారికి అది దూరప్రాంతమేమీ కాదు. చింతూరు దాటితే శబరి నది ఒడ్డున కొంటా వస్తుంది. అది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. సుక్మా, బీజాపూర్, దంతెవాడ, బస్తర్, నారాయణపూర్, కొండగావ్, కాంకేర్ అనే 7 జిల్లాలు కలిస్తే బస్తర్ డివిజన్. ఇదంతా రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతమే.

దత్త శాసనం అంటే ఏమిటి?

చట్టసభ తన అధికారంలో కొంత భాగాన్ని ప్రభుత్వానికి అప్పగిస్తే, ఆ అధికారంతో ప్రభుత్వం చేసే నియమాలను దత్త శాసనం అంటారు. ఇది అవసరమే. సభకు అంత తీరిక ఉండదు. సాంకేతిక వివరాలన్నీ సభ్యులకు తెలియవు. పరిస్థితులు మారినప్పుడల్లా చట్టాన్ని సవరించడమూ కష్టం.

అయితే ఈ అప్పగింతకు ఒక హద్దు ఉంది. పెళ్లి సంబంధం పెద్దలు ఖాయం చేస్తారు, పందిరి పని వేరొకరికి ఒప్పజెబుతారు. పందిరి వేసేవాడు పెళ్లికొడుకునే మార్చేస్తానంటే ఒప్పుకోం కదా! 1951లో ఢిల్లీ చట్టాల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం సారాంశం కూడా ఇదే. మూల విధానాన్ని చట్టసభే నిర్ణయించాలి. వివరాలను మాత్రమే ప్రభుత్వానికి వదలాలి.

చట్టసభ చేతిలో ఉన్న సాధనాలు

మొదటిది, నియమాలను సభ ముందు ఉంచడం. ఉదాహరణకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద కేంద్రం చేసే ప్రతి నియమాన్నీ పార్లమెంటు ఉభయ సభల ముందు మొత్తం 30 రోజులు ఉంచాలి. ఉభయ సభలూ అంగీకరిస్తే దాన్ని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు.

రెండవది, సభా సంఘం. లోక్‌సభలో అనుబంధ శాసనాల కమిటీ 1953లో ఏర్పడింది. ఇందులో 15 మంది సభ్యులుంటారు. మంత్రులకు ఇందులో చోటు లేదు. నియమం మూలచట్టాన్ని దాటిపోయిందా, కోర్టుల అధికారాన్ని తప్పిస్తోందా, వెనుకటి తేదీ నుంచి వర్తింపజేస్తున్నారా, సభ ముందుకు తేవడంలో ఆలస్యం జరిగిందా అని కమిటీ చూస్తుంది. రాష్ట్ర శాసనసభల్లోనూ ఇలాంటి కమిటీలుంటాయి. మూడవది, సభ్యులు వేసే ప్రశ్నలు, పెట్టే తీర్మానాలు.

ఈ సాధనాలు వినడానికి గట్టిగానే ఉన్నాయి. కాని సాధారణంగా నియమం ముందు అమల్లోకి వస్తుంది, తరువాతనే సభ బల్ల మీదికి చేరుతుంది. రద్దు తీర్మానం నెగ్గాలంటే మెజారిటీ కావాలి, ఆ మెజారిటీ నియమం చేసిన ప్రభుత్వానిదే. పైగా సభ ముందు ఉంచకపోయినంత మాత్రాన నియమం చెల్లకుండా పోదని 1979లో అట్లాస్ సైకిల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఈ పర్యవేక్షణ సభ్యుల శ్రద్ధ మీదనే ఆధారపడి ఉంది. శ్రద్ధ తగ్గితే ఏమవుతుందో రెండు సందర్భాల్లో చూద్దాం.

మొదటి సందర్భం: ఒక్క వాక్యం అప్పగించిన అధికారం

2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ కొత్త పోలీసు చట్టం చేసింది. అందులోని సెక్షన్ 9 ప్రకారం జిల్లా ఎస్పీ రాతపూర్వక ఉత్తర్వుతో ఏ వ్యక్తినైనా ప్రత్యేక పోలీసు అధికారిగా నియమించవచ్చు. ఎలాంటి వ్యక్తిని? ఏ పరిస్థితిలో? ఏ శిక్షణతో? ఆ సెక్షన్ చెప్పలేదు. అప్పటికి బస్తర్‌లో సల్వాజుడుం నడుస్తోంది. వేలాది ఆదివాసీ యువకులను ఈ హోదాలో తీసుకుని, తుపాకులిచ్చి, మావోయిస్టులపై పోరుకు పంపారు. నెలకు గౌరవ వేతనం 3,000 రూపాయలు. రాష్ట్రం సుప్రీంకోర్టు ముందు ఉంచిన నియామక పద్ధతిలో అయిదో తరగతి పాసైనవారికి ప్రాధాన్యం అని ఉంది.

నందినీ సుందర్ కేసులో 2011 జూలై 5న తీర్పు వచ్చింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఈ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమన్నారు. అంటే సమానత్వపు హక్కుకూ జీవించే హక్కుకూ భంగం కలిగిందని అర్థం. హద్దులు చెప్పకుండా అధికారం అప్పగించడాన్ని కూడా వారు తప్పుపట్టారు. ఆ తరువాత అదే ఏడాది రాష్ట్రం సహాయక సాయుధ పోలీసు దళం కోసం విడిగా చట్టం చేసింది. అలా చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. అర్హత ఏమిటి, శిక్షణ ఎంత అనే ప్రశ్నలకు 2007లో బిల్లు సభలో ఉన్నప్పుడే చట్టంలో జవాబు రాయవలసింది. అవి 2011లో కోర్టులో చర్చకు వచ్చాయి. ఈ నాలుగేళ్లలో ఎందరో యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

రెండవ సందర్భం: రాయని నియమం

మొదటి సందర్భంలో అధికారం హద్దు లేకుండా పోయింది. రెండవ సందర్భంలో హక్కు ఉన్నా దాన్ని నడిపించే నియమమే రాలేదు.

షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించే చట్టాన్ని మనం పెసా అని పిలుస్తాం. భూరియా కమిటీ సిఫార్సుల తరువాత 1996 డిసెంబర్ 24న ఇది అమల్లోకి వచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని ఇది చెబుతుంది. చిన్న అటవీ ఉత్పత్తులపై గ్రామసభకూ పంచాయతీలకూ యాజమాన్యం ఇస్తుంది. అయితే పెసాలో ఉన్నవి 5 సెక్షన్లే. నియమాలు చేసే అధికారం గురించి అందులో ఏమీ లేదు. రాష్ట్రాలు తమ పంచాయతీ చట్టాలను ఏడాదిలోగా సవరించుకుని, ఆ చట్టాల కింద నియమాలు చేసుకోవాలి.

మధ్యప్రదేశ్ 1997లో తన చట్టాన్ని సవరించింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు ఆ చట్టమే సంక్రమించింది. కాని పెసాకు సమగ్రమైన నియమాలు 2022 ఆగస్టులో గాని రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పని 2011లో చేసింది. కేంద్ర చట్టాల విషయంలో 6 నెలల్లోగా నియమాలు రావాలని పార్లమెంటు కమిటీ కోరుతుంది. ఇక్కడ పట్టిన కాలం పాతికేళ్ల పైమాటే.

ఈ ఖాళీ సమయంలోనే లోహండిగూడలో టాటా స్టీల్ కర్మాగారం కోసం 10 గ్రామాల భూమిని సేకరించారు. ఒప్పందం 2005 నాటిది. గ్రామసభల అభిప్రాయం తీసుకున్న తీరు మీద పెద్ద వివాదం నడిచింది. చివరకు కర్మాగారం రాలేదు. 2019లో భూమిని తిరిగి రైతులకు ఇచ్చారు. గ్రామసభ అభిప్రాయాన్ని ఎలా నమోదు చేయాలి, కాదంటే ఏం చేయాలి అనేది స్పష్టమైన నియమంగా ముందే ఉంటే, ఆ వివాదానికి కనీసం ఒక కొలబద్ద దొరికేది.

నియమాలు వచ్చిన తీరు కూడా ఒక పాఠమే. 2022 జూలైలో రాష్ట్ర మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ పంచాయతీ శాఖను వదులుకున్నారు. తమ శాఖ పంపిన పెసా ముసాయిదాలోని ముఖ్య అంశాలను తనకు తెలియకుండా మార్చారని తన లేఖలో రాశారు. సంబంధిత మంత్రే ఇలా చెప్పుకోవలసి వచ్చిందంటే, సచివాలయం గదుల్లో తయారయ్యే నియమాన్ని బయటి కన్ను చూడవలసిన అవసరం ఎంతో ఊహించండి. ఒక్క మాట తేడాతో హక్కు మారిపోతుంది. పెసా ‘సంప్రదింపు’ అంటుంది. 2013 నాటి భూసేకరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో ‘ముందస్తు సమ్మతి’ అంటుంది. సంప్రదించినవాడు వినకపోవచ్చు. సమ్మతి కోరినవాడు మాత్రం ‘వద్దు’ అంటే ఆగవలసిందే.

గవర్నరు చేసే రెగ్యులేషన్లు

అయిదో షెడ్యూలు ప్రాంతాలకు మరో దారి కూడా ఉంది. గవర్నరు గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషన్లు చేయవచ్చు. మనకు బాగా తెలిసిన 1/70 ఇలాంటిదే. వీటిని శాసనసభ ఆమోదించనక్కరలేదు. గిరిజనుల భూమికి రక్షణగా పనికివచ్చే దారి ఇది. కాని ఇక్కడ సభ చేయవలసిన పరిశీలన బరువంతా సలహా మండలి మీద పడుతుంది. ఆ మండలి చురుకుగా లేకపోతే అడిగేవారు తగ్గిపోతారు.

పౌరులుగా మనం చేయగలిగింది

కొన్ని చట్టాలు నియమాల ముసాయిదాను ముందుగా ప్రచురించి అభ్యంతరాలు కోరాలంటాయి. అలాంటప్పుడు అభ్యంతరం రాసి పంపవచ్చు. నియమం వచ్చాక రాజపత్రం చూసి, మూలచట్టంతో పోల్చుకుని, తేడా ఉంటే మీ శాసనసభ్యునికి తెలపవచ్చు. అయితే గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడే గ్రామాలకు రాజపత్రపు హిందీ అందడం కష్టం. నియమాన్ని ప్రజల భాషలోకి తేవడం కూడా పర్యవేక్షణలో భాగమే.

క్లుప్తంగా చెప్పుకుందాం. చట్టం హక్కును ప్రకటిస్తుంది. ఆ హక్కు ఊరికి ఏ రూపంలో చేరుతుందో నియమం నిర్ణయిస్తుంది. కోర్టు సరిదిద్దగలదు గాని, నష్టం జరిగాకనే దాని వంతు వస్తుంది. ముందుగా చూడగలిగేది చట్టసభే.

ఆలోచించండి: మీ ఊరికి వర్తించే ఒక నియమాన్ని ఎంచుకోండి. అది ఏ చట్టం కింద వచ్చింది? దాన్ని మీ శాసనసభ ముందు ఉంచారా? ఉంచితే ఎవరైనా ప్రశ్న వేశారా?